అరగని అరికాలు

నేను ఒక కాలిని. ఎడమ కాలిని. మోకాలి కింద మొదలై వేళ్ల దగ్గర అయిపోతాను. నాలో ఎముక లేదు, నరం లేదు. పైన గోధుమరంగు ప్లాస్టిక్కు గిన్నె, కింద రబ్బరు పాదం, రెంటినీ కలిపే మరలు, తొడకు బిగించుకోవడానికి ఒక తోలు బెల్టు. నన్ను గిల్లితే నాకు తెలియదు. నా మీద వేడి టీ ఒలికినా తెలియదు. ఒకసారి ఒలికింది కూడా. కాబట్టి నేను చెప్పబోయే దానిలో ఎక్కడైనా నొప్పి అనే మాట వస్తే అది నేను పడినది కాదు, నన్ను తొడుక్కున్న పిల్ల పడినది. ఆ సమయంలో నేను ఆమెతోనే ఉన్నాను, అంతే.

నేను పుట్టింది పెళ్లిళ్లు జరిగే ఒక ఫంక్షన్ హాల్లో. ముందురోజు పెళ్లికి కట్టిన కాగితం పూలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. తోడునడక సేవా సంస్థ వాళ్లు అక్కడ ఉచితంగా కృత్రిమ కాళ్లు ఇచ్చే శిబిరం పెట్టారు. భోజనాలు వడ్డించే బల్లల మీద మనుషులను కూర్చోబెట్టి కొలతలు తీశారు. గుండిగలు కడిగే చోట ప్లాస్టర్ కలిపారు. కాళ్లు చేసే ఖాజా మియా ప్లాస్టిక్కు గొట్టాన్ని మెత్తబడేదాకా వేడి చేసి, అచ్చు మీద తొడిగి, చేతులతో అదిమి నాకు రూపం తెచ్చాడు. ఆయన చేతులకు మందపాటి గ్లౌజులు ఉన్నాయి. నన్ను మొదట తాకింది ఆ గ్లౌజులు.

నన్ను చేయించుకున్న పిల్ల పేరు నవనీత. రాళ్లచెలిమ అనే ఊరు. అప్పుడు తొమ్మిదో తరగతి. బడికి సెలవని తల్లి వెంట పత్తి ఏరడానికి పోతుంటే ట్రాక్టరు బోల్తా పడింది. ట్రాలీ కింద ఎడమకాలు నలిగింది. ఆసుపత్రిలో మోకాలి కింద కొంత ఉంచి మిగతాది తీసేశారు. ఇవన్నీ ఆమె చెప్పలేదు. ఆమె ఎక్కువగా మాట్లాడేది కాదు. తల్లి మణెమ్మ చెప్పింది. పక్క బల్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.

ఖాజా మియా ఆ పిల్ల మొండికాలును బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన లేచి సంస్థ పెద్ద విద్యాసాగర్ సారు దగ్గరికి వెళ్లి, ఈ పిల్లకు వాపు ఇంకా దిగలేదు, కొన్నాళ్లు ఆగి కొలత తీస్తే మంచిది, వాపు దిగాక కాలు సన్నబడుతుంది, అప్పుడు ఇప్పటి కొలత పనికిరాదు అన్నాడు. విద్యాసాగర్ సారు చెడ్డమనిషి కాదు. ఆ పొద్దున ఆటోల నుంచి నడవలేనివాళ్లను చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చింది ఆయనే. చొక్కా అంతా చెమట. కానీ పంపిణీకి తేదీ ఖాయమైంది. ముఖ్య అతిథి వస్తానన్నాడు. ఎన్ని కాళ్లు ఇస్తున్నారో ఆ అంకె బ్యానరు మీద అచ్చయిపోయింది.

అలా నేను కాలి కొలతకు కొంతా, బ్యానరు కొలతకు కొంతా పుట్టాను.

పంపిణీ రోజున స్టేజీ మీద నవనీత ఒక చివర నుంచి మరో చివరకు నడిచింది. చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి నా మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. ఆ ఫొటోలో నేను బాగా పడ్డాను. తర్వాత భోజనాల వరుసలో, చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడిన ప్రతివాళ్ల దగ్గరికీ సంస్థ ఉద్యోగి ఒకతను వచ్చి మా సేవ మీకు ఎలా అనిపించింది అని అడిగాడు. చాలా బాగుంది, బాగుంది, పరవాలేదు, బాగాలేదు. వీటిలో ఒకటి చెప్పాలి. అప్పటికి ఆ పిల్ల నా మీద నడిచింది స్టేజీ పొడవే. ఆమె నోరు తెరిచేలోపు మణెమ్మ, చాలా బాగుంది సారూ, మీ కడుపు సల్లగుండ అంది. అతను ఫోనులో నొక్కుకుని వెనకాల ఉన్న ముసలాయన దగ్గరికి వెళ్లాడు. ఆయనా అదే మాట అన్నాడు. అందరూ అదే అన్నారు. మనుషులు తమ చేతిలో వేడి అన్నం పెట్టినవాళ్లను మొహం మీద బాగాలేదు అనరు. అది తెలియకుండానే ఆ ప్రశ్న అక్కడ అడిగారు అనుకుంటాను.

మొదటి నెల బాగానే గడిచింది. నవనీత బడికి నన్ను వేసుకుని వెళ్లింది. బడి పక్క ఊళ్లో ఉంది. బాట అంతా ఎర్రటి మొరం కంకర. అప్పుడు కూడా అన్న నరేందర్ బండి మీద దింపేవాడు, బడి ఆవరణలో మాత్రం ఆమే నడిచేది. ఆ తర్వాత ఖాజా మియా చెప్పినట్టే వాపు దిగింది. నా గిన్నె వదులైంది. ఆమె అడుగు వేసినప్పుడల్లా మొండికాలు నాలోకి జారి, ఎముక చివర నా అడుగుభాగానికి కొట్టుకునేది. మణెమ్మ పాత చీర చింపి ముక్కలు కుక్కింది. ఇంకా ముక్కలు కుక్కింది. చర్మం లేచిపోయింది. ఒకరోజు సాయంత్రం బెల్టు విప్పితే చీరముక్క అతుక్కుపోయి రాలేదు. నీళ్లు పోసి తడిపి తీశారు. ఆ పిల్ల ఏడవలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

మరునాడు నన్ను సబ్బుతో కడిగి, తుడిచి, కొత్త దుప్పటి వచ్చిన ప్లాస్టిక్కు కవరులో పెట్టి, బియ్యం డ్రమ్ము పైన మేకుకు తగిలించారు. నవనీత చంకలో కర్రతో తిరగడం మొదలుపెట్టింది.

మణెమ్మ నన్ను మరిచిపోయిందని కాదు. వారానికోసారి కవరు మీద దుమ్ము తుడిచేది. దసరాకు ఇంట్లో ఉన్న కొడవలికి, కుట్టుమిషనుకు, బండికి బొట్లు పెట్టినప్పుడు నాకు కూడా పెట్టింది. వేళ్ల మీద పసుపు, మడమ మీద కుంకుమ. ఎదురుగా ఒక అగరుబత్తి. కర్రకు మాత్రం పెట్టలేదు. కర్ర రోజూ పనిలో ఉండేది, దానికి ఖాళీ లేదు.

ఒకసారి సంస్థ నుంచి ఫోను వచ్చింది. మణెమ్మ ఫోను చెవికి ఆనించుకుని లేచి నిలబడింది. కాలు బాగుందా అని అడిగారు. బాగుంది అంది. వాడుతున్నారా అని అడిగారు. వాడుతున్నం అంది. ఫోను పెట్టేశాక కూతురు తల్లి వైపు చూసింది.

"ఎవలు అడిగినా మంచిగుందనే చెప్పు బిడ్డా," అంది మణెమ్మ. "పుణ్యానికి ఇచ్చినదానికి వంక పెడితే గుంజుకపోతరు. మళ్ల అడిగితే ఇయ్యరు."

వాళ్ల ఇంటికి రెండిళ్ల అవతల రామచెంద్రి తాత ఉండేవాడు. షుగరు వల్ల ఆయనకు ఒక కాలు తీసేశారు. అదే శిబిరంలో కాలు తీసుకున్నాడు. ఆయన తన కాలును మేకల దొడ్డి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించి పెట్టేవాడు. ఫోను వస్తే ఆయన కూడా, మస్తు పనికొస్తుంది సారూ అనేవాడు. అబద్ధం చెప్పలేదు. ఇలాంటి జవాబులన్నీ కలిపి సంస్థ వాళ్లు లెక్కకట్టుకున్నారు. నూటికి తొంభై ఎనిమిది మంది తృప్తిగా ఉన్నారని తేలింది. దానికి ఎవరో వాళ్లకు ఒక జ్ఞాపిక ఇచ్చారు.

నవనీత పదో తరగతి చివరికి వచ్చింది. నరేందర్ పూనాలో జేసీబీ నడిపే పనికి మాట్లాడుకున్నాడు. పరీక్షలు అయిపోయేదాకా ఉండి తర్వాత పోతానన్నాడు. అతను పోతే బండి తోలేవాళ్లు లేరు. కాలేజీ మండల కేంద్రంలో ఉంది. బస్సు రాళ్లచెలిమ లోపలికి రాదు, పెద్ద రోడ్డు మీదే ఆగుతుంది. చంకలో కర్రతో, భుజాన పుస్తకాలతో ఆమె ఆ రోడ్డు దాకా ఒకసారి పోయి చూసింది. మధ్యలో కూర్చుండిపోయింది. ఎవరో ఎద్దులబండిలో ఎక్కించుకుని తెచ్చారు. ఆ రోజు అన్నం తింటున్నప్పుడు మణెమ్మ, చదివింది చాల్లే, ఇంట్ల కూసోని మిషను కుట్టుకో అంది. తిట్టినట్టు అనలేదు. ఉన్నదేదో చెప్పినట్టు అంది. నవనీత ముద్ద కలుపుతూ నా వైపు చూసింది. కవరులోంచి నేను మసకగా కనబడుతుంటాను.

ఏడాదికోసారి కాళ్లు తీసుకున్నవాళ్లందరినీ సంస్థ మండల కేంద్రానికి పిలిచేది. వచ్చినవాళ్లను చూసి, పేర్లు రాసుకుని, పండ్లు ఇచ్చి పంపేవాళ్లు. ఆ ఏడు కూడా పిలుపు వచ్చింది. ఆ పొద్దున ఊరూరా అటకల మీద నుంచి, మేకుల మీద నుంచి, తలుపుల వెనక నుంచి మాలాంటి కాళ్లు దిగాయి. మణెమ్మ నన్ను కొబ్బరిపీచుతో తోమింది. అరికాలు గీతల్లో, వేళ్ల సందుల్లో పాత బ్రష్షుతో రుద్దింది. ఇచ్చినవాళ్లు చూస్తే, మనమిచ్చిన వస్తువును ఎంత బాగా చూసుకుంటున్నారో అనుకోవాలని ఆమె ఆశ. రామచెంద్రి తాత తన కాలును కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. అది వాసన కొట్టింది.

హాలులో ఆ ఏడు ఒక కొత్త మనిషి ఉంది. సబీహా. సేవ ఎలా ఉందో కొలిచే పనికి ఆమెను కొత్తగా తీసుకున్నారు. సన్నగా ఉంది, కళ్లద్దాలు. ఆమె ఎవరినీ బాగుందా అని అడగలేదు. ఒక్కొక్కరి ముందు కింద చాప మీద కూర్చుని, కాలు విప్పి ఇమ్మని, తలకిందులు చేసి అరికాలు చూసింది. వరుసలో అరికాళ్లన్నీ నున్నగా మెరుస్తున్నాయి. అక్కడక్కడ ఒకటి మాత్రం మడమ దగ్గర అరిగి, మట్టి ఇంకి, నల్లబడి ఉంది. అలాంటి కాళ్లవాళ్లు శుభ్రం చేసుకుని రానందుకు సిగ్గుపడి పాదాన్ని వెనక్కి లాక్కున్నారు. వాళ్లను చూసి ఆమె నవ్వింది.

రామచెంద్రి తాత దగ్గర ఆమె కొంచెంసేపు ఆగింది. తాతా, ఇది ఎప్పుడు వేసుకుంటావు అని అడిగింది.

"పెండ్లిళ్లకు ఏసుకుంట బిడ్డా," అన్నాడు తాత. "చావులకు చంకల కట్టె చాలు. ఆడ మనల్నెవలు చూస్తరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సబీహా కూడా నవ్వింది. కానీ రాసుకుంది.

తర్వాత నా వంతు వచ్చింది. నన్ను తలకిందులు చేసింది. నా అరికాలు మీద ఫ్యాక్టరీలో పడిన చుక్కల గుర్తులు అలాగే ఉన్నాయి. వేలితో తడిమింది. వేళ్ల సందులో ఎంత రుద్దినా పోని పసుపు కొంచెం ఉంది. దాన్ని గోటితో తీసి చూసి, ఇదేమిటని అడిగింది. మణెమ్మ సంబరంగా, దసరాకు పూజ చేసినం మేడం, దేవుని లెక్క చూసుకుంటున్నం, జర మన్నంటనియ్యలే అంది.

సబీహా గోరు తుడుచుకుంది. నన్ను ఒళ్లో పెట్టుకుని నవనీతను అడిగింది. "బడికి ఎట్ల పోతవు?"

"అన్న దింపుతడు," అంది నవనీత.

"అన్న లేనినాడు?"

మణెమ్మ పక్కనుంచి, మంచిగనే నడుస్తది మేడం, సిగ్గెక్కువ దానికి అంది. కూతురి చేతిని పట్టుకుంది. ఆ పట్టు ఎందుకో ఆ పిల్లకు తెలుసు. ఇప్పుడు బాగుంది అంటే నేను ఇంట్లోనే ఉంటాను. ఎప్పటికైనా ఏదో విధంగా పనికొస్తాను అనే ఆశ అయినా ఉంటుంది. బాగాలేదు అంటే ఆ ఆశ కూడా ఆ హాల్లోనే వదిలి పోవాలి. వాళ్లు అలా అనుకున్నారు. ఇచ్చిన కాలు వెనక్కి తీసుకోము అని వాళ్లకు ఎవరూ అంతకుముందు చెప్పి ఉండలేదు.

నవనీత తల్లి చేతిలోంచి తన చేతిని మెల్లగా తీసుకుంది.

"నొస్తది మేడం," అంది. "ఎముక తాకుతది. ఏసుకోక ఏడాది దాటింది."

"మరి ఫోన్ల మంచిగుందన్నరు?"

"ఫోన్ల కాలు మంచిగుందా అనడిగిన్రు. కాలు మంచిగనే ఉంది. నాకే మంచిగ లేదు." నేల వైపు చూస్తూ అంది. "నాకు రోడ్డు దాకా నడవాలె మేడం. కాలేజి పోవాలె."

మణెమ్మ మొహంలో ఏమీ లేదు. సబీహా మొండికాలును చూసింది, నా గిన్నెలో తన పిడికిలి పెట్టి చూసింది, పిడికిలి చుట్టూ ఎంత ఖాళీ ఉందో చూసింది. ఇది ఇప్పుడు పనికిరాదు, మళ్లీ కొలత తీసి కొత్తది చేయాలి, దీన్ని నేను తీసుకుపోతాను అంది. మాటల్లో మొదటి సగం మణెమ్మకు వినబడలేదు అనుకుంటాను. చివరిది వినబడింది. ఆమె అడ్డు చెప్పలేదు. నన్ను చుట్టి తెచ్చిన దుప్పటి కవరును నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. తల్లీకూతుళ్లు పండ్లు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

ఇద్దరూ ఆటో దిగినప్పుడు వాడకట్టులో ఎవరో, నోరు ఊకుంటే కాలన్న ఉండేది అన్నారట. ఇది నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

సబీహా నన్ను సంస్థ కమిటీ సమావేశానికి తీసుకెళ్లింది. బల్ల మీద టీ కప్పుల పక్కన నన్ను పడుకోబెట్టింది, అరికాలు అందరికీ కనబడేలా. ఆ తర్వాత ఎవరూ బిస్కెట్లు ముట్టుకోలేదు. ఆమె చెప్పిన లెక్క ప్రకారం కాళ్లు తీసుకున్నవాళ్లలో సగం మంది కూడా నడవడం లేదు. ఒకాయన, ఉచితంగా ఇచ్చినదాన్ని వాడుకోకపోతే అది వాళ్ల బద్ధకం అన్నాడు. ఇంకొకాయన, పోయినేడు జ్ఞాపిక తీసుకున్నాము, ఇప్పుడు ఈ అంకె ఎలా బయటపెడతాము అన్నాడు. విద్యాసాగర్ సారు నా అరికాలును చూస్తూ ఉన్నాడు.

"దాతలకు నేనేం చూపియ్యాలె అమ్మా?" అన్నాడు చివరికి.

"ఎన్ని కాళ్లు ఇచ్చినమో రాసుకున్నం సార్," అంది సబీహా. "ఎంతమంది నడుస్తున్నరో రాసుకోలే."

ఆయన కప్పు అందుకోబోయి ఒలికించాడు. నా మీద పడింది. తుడవమని ఎవరికీ తోచలేదు. అది అలాగే ఆరింది.

ఆ సమావేశం తర్వాత కొన్ని మారాయి. వాపు దిగకుండా కొలత తీయకూడదని ఖాజా మియా మాటకు ఒప్పుకున్నారు. కాలు ఇచ్చిన కొన్ని నెలలకు ఇంటికే వెళ్లి, తొడిగి చూసి, వదులైతే మార్చాలని, వారంలో ఒకరోజు మరమ్మతులకే కేటాయించాలని అనుకున్నారు. దానికి మనుషులు కావాలి, కాబట్టి మరుసటి శిబిరం వెనక్కి పోయింది. కొత్త కాలు కోసం ఎదురుచూసే వాళ్ల వరుస పెరిగింది. ఆ వరుసలో నవనీత ఉంది. నరేందర్ పూనా వెళ్లిపోయాడు. కాలేజీలు తెరిచారు. అప్పటికి ఆమె కాలు రాలేదు. ఆ ఏడు ఆమె ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టింది. నిజం చెప్పినందుకు ఆమెకు ముందుగా దొరికింది చదువు ఆగిన ఆ ఏడాదే. నాకు దీని గురించి బాధ అనిపించాలి అనుకుంటాను. అలా ఏమీ అనిపించలేదు. ఏడాది అయిపోయింది, అంతే.

సబీహా ఇప్పుడు ఇక్కడ లేదు. ఎందుకు లేదో నా ముందు ఎవరూ మాట్లాడుకోలేదు. ఆమె అలవాటు మాత్రం ఉండిపోయింది. ఎవరు వచ్చినా ఖాజా మియా మొదట కాలును తలకిందులు చేసి చూస్తాడు. అరికాలు మెరుస్తుంటే మొహం ముడుచుకుంటాడు.

నన్ను సంస్థ వర్క్‌షాపులో గోడకు తగిలించారు. మరలు పనికొస్తాయని రెండు తీసుకున్నారు. బెల్టు ఎవరికో వేశారు. కింద విరిగిన అచ్చులు, ముక్కలైన ప్లాస్టిక్కు, గట్టిపడిన ప్లాస్టర్ సంచులు. నేను ఏదో ఒకరోజు ఆ కుప్పలోకి దిగుతాను. తొందరేమీ లేదు.

మొన్న మరమ్మతుల రోజున నవనీత వచ్చింది. ముందు ఆమెను గుర్తుపట్టలేదు, ఎత్తు పెరిగింది. కర్ర లేదు. భుజానికి కాలేజీ బ్యాగు. వెనకాల మణెమ్మ. నవనీత గోడ వైపు చూసింది. నన్ను కాదు, నా పక్కన ఉన్న గడియారాన్ని. నా తర్వాత ఆమెకు చేసిచ్చిన కాలు మడమ దగ్గర అరిగి లోపలి పొర బయటపడింది. చీలమండ దగ్గర ఒక మర ఊగుతోంది. ఖాజా మియా పలకరించబోయాడు.

"పోయిన మంగళారం వస్తే ఇయ్యాల రమ్మన్నరు," అంది నవనీత. "ఇయ్యాల పొద్దుగాల వస్తే సామాను రాలే అన్నరు. ఇదేం పద్ధతి? నాకు కాలేజి లేదా?"

ఖాజా మియా కుర్చీ జరిపి, కూసో బిడ్డా అన్నాడు.

"కూసుండ. ముందుగాల ఎప్పుడిస్తరో చెప్పున్రి."

మణెమ్మ కూతురి చున్నీ పట్టి లాగింది. మెల్లగ మాట్లాడు బిడ్డా, పెద్దమనిషి అని గొణిగింది. నవనీత తగ్గలేదు. సామాను ఇందాకే వచ్చింది, ఇప్పుడే చేసిస్తానని ఖాజా మియా అన్నాక కూర్చుంది. ఆయన కాలును తలకిందులు చేసి, అరిగిన మడమ మీద బొటనవేలు ఆనించి, మిగతాదంతా బాగుందా అని అడిగాడు.

"బాగలేదు," అంది ఆమె. వానకు మొరంలో పాదం జారుతోందని చెప్పింది. బెల్టు పెట్టే చోట ఒరుసుకుంటోందని, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు చీలమండ వంగడం లేదని చెప్పింది. ఫోను చేస్తే ఎవరూ ఎత్తరని కూడా చెప్పింది. మణెమ్మ మళ్లీ చున్నీ లాగింది. ఖాజా మియా స్క్రూడ్రైవరు కింద పెట్టి, ఇంకా ఏమున్నాయో చెప్పమన్నాడు. నవనీత ఇంకా చెబుతోంది.